పాదం కింద ఏముందో చెప్పు

నేను కాపురానికి వచ్చిన నెలలోనే మా ఆయన కాలు తెగింది. దాంతో ఆ ఇంట్లో రెండు కాళ్ళ మీద విచారణ మొదలైంది. ఆయన కాలి సంగతి కర్నూల్లో డాక్టర్లు చూస్తుంటే, నా కాలి సంగతి మా అత్త చూసుకుంది. మొదటిరోజు గడప దాటేటప్పుడు నేను కుడికాలు పెట్టానా ఎడమకాలు పెట్టానా అని వీధిలో ఆడవాళ్ళందర్నీ పిలిచి సాక్ష్యం అడిగింది. కుడికాలే పెట్టిందని అందరూ చెప్పారు. అయినా ఆమె నన్ను వదిలిపెట్టలేదు.

"కుడికాలే పెట్టింటాది. ఆ కుడికాలే మంచిది కాదేమో, ఎవురికి తెలుసు?" అంది.

మా అత్తగారి ఊరు ఆలూరు వైపు. కర్నూలు ఇంకా రాజధాని కాని రోజులవి. మా పొలాలన్నీ నల్లరేగడి. మొదటి వాన పడగానే గుంటక తోలాలి. అడ్డంగా పొడుగాటి ఇనప పలక ఉంటుంది దానికి, ఎద్దులు లాగుతుంటే నేలను కోసుకుంటూ పోతుంది. పలక లోతుగా దిగాలంటే బరువు కావాలి కాబట్టి తోలేవాడు దాని మీదే నిలబడతాడు. అందరూ ఒక చేత్తో మేడి పట్టుకుని నిలబడతారు. మా ఆయన రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నిలబడేవాడు. ఊళ్ళో కుర్రవాళ్ళలో గుండురాయి భుజానికెత్తేది ఆయనొక్కడే. దండీలు, బస్కీలు తీసి తీసి ఒళ్ళు రాయి చేసుకున్నాడు. ఆ ఒంటి మీద ఆయనకు ఉన్నంత ప్రేమ ఈ లోకంలో మరి దేనిమీదా ఉండేది కాదు. నా మీద అసలే లేదు.

ఆ రోజు గుంటక ఏదో రాయికి తగిలి ఎగిరింది. ఆయన వెనక్కి పడ్డాడు, ఎద్దులు బెదిరి లాగాయి. పలక మడమ పైన, లోపలివైపు, ఎముక దాకా దిగింది.

కాలు తెగినందుకు మా అత్త ఎంత ఏడ్చిందో తెలియదు గానీ, పీర్ల పండగ తలుచుకుని మాత్రం గుండెలు బాదుకుంది. మా ఊళ్ళో పీర్ల చావిడి చూసుకునేది ముజావరు ఇంటివాళ్ళు. పెద్ద పీరును ఎత్తేది మా అత్తగారి ఇంటివాళ్ళు. మేం హిందువులమే. తాతల నాటి నుంచి అలాగే జరుగుతోంది, ఎవరికీ అందులో వింత కనిపించదు. పండగ ఆఖరి రోజు తెల్లవారుతుండగా చావిడి ముందు గుండంలో నిప్పులు పరుస్తారు. పీరు ఎత్తినవాడు వట్టి కాళ్ళతో ఆ నిప్పులు తొక్కి దాటాలి. దాటలేనివాడు పీరు ఎత్తడానికి పనికిరాడు. మామ ఎప్పుడో పోయాడు. మా ఇంట్లో మగవాడంటే ఆయనొక్కడే. ఆయన దాటలేకపోతే ఆ హక్కు మామ తమ్ముడి కొడుక్కి పోతుంది. ఒకసారి దాయాది చేతికి పోయిందంటే ఇక మన గడప తొక్కదు.

ఆ హక్కు పోతే నేనూ పోవలసిందే. మా అత్త ఇందులో దాపరికం ఏమీ పెట్టుకోలేదు. నేను పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతుంటే, నా ఎదురుగానే కూర్చుని చెప్పింది.

"పండగ నాటికి వాడు గుండం తొక్కినాడా, సరే, ఉండు. తొక్కలేదా, బండి కట్టిచ్చి మీ ఊరికి తోలిస్తా. మా అన్న బిడ్డ ఈడుకొచ్చి ఉండాది. ఈ ఇంటికి కాలు కలిసొచ్చే పిల్ల కావల్ల."

రొట్టె మాడింది. దానికి కూడా తిట్టింది.

కర్నూలు ఆసుపత్రిలో తెగిన నరాలూ కండా కలిపి కుట్టారు. మోకాలి దాకా పిండికట్టు వేశారు. కట్టు విప్పిన రోజు మేమిద్దరం, అత్తా నేనూ, అక్కడే ఉన్నాం. ఆ కాలు చూసి నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. పిక్క లేదు. ఎండిన బీరకాయలా ఉంది. ఆయన ఒకసారి చూసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వ్యాయామం నేర్పడానికి ఒక నర్సమ్మ వచ్చింది. కడప వైపు క్రైస్తవుల పిల్ల, నాకంటే కాస్త పెద్దది. గలగలా నవ్వేది. కాలివేళ్ళు ముడిచి తెరవమంది. ఆయన కదపలేదు. మళ్ళీ చెప్పింది.

"గుండురాయి ఎత్తేవాణ్ణి. నాకి కాలివేలు ఎత్తేది నేర్పేకి వచ్చినావా?" అన్నాడు గోడతో.

"రాయి ఎత్తేది సులభమేనన్నా. ఈ వేలు ఎత్తు చూద్దాం" అందామె.

ఎత్తలేకపోయాడు. ఆ సంగతి తెలిసిపోయినందుకు ఆమె మొహం ఇక చూడనేలేదు. దాంతో ఆమె పాఠమంతా నాకు చెప్పింది. తుండుగుడ్డ పాదం కింద వేసి రెండు కొసలూ పట్టుకుని తనవైపు లాక్కోవాలి. చింతగింజలు నేలమీద పోస్తే వేళ్ళతో ఏరి గిన్నెలో వెయ్యాలి. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవాలి. ఇవన్నీ కండ కోసం. నరం కోసం ఇంకొకటి ఉంది. కళ్ళకు గుడ్డ కట్టి, పాదం కింద ఇసుకో, దూదో, జొన్నలో పెట్టి, ఏముందో చెప్పమనాలి. రోజూ చేస్తే ఏ కొంచెమో స్పర్శ తెలుస్తుందేమోనని ఆశ.

"కండ అతుక్కుంటుందమ్మా, నడుస్తాడు. స్పర్శ నరం సంగతి మాత్రం డాక్టరుగారే చెప్పలేకుండా ఉన్నారు. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా అరికాలికి తెలియకపోవచ్చు. అందుకని రోజూ సాయంత్రం ఆ పాదం అడుగు నువ్వు నీ కళ్ళతో చూడు. ఆయన ఏం చెప్పినా నమ్మొద్దు" అంది. గోడవైపు తిరిగిన మనిషికి కూడా వినపడేటట్టు గట్టిగానే అంది.

ఊరికి వచ్చాక అసలు చిక్కు మొదలైంది. అత్త ఎదుట మొగుడితో మాట్లాడటమే తప్పు. ఇక మొగుడికి పని చెప్పడమా? కాలెత్తు, కాలు దించు అని కోడలు ఆజ్ఞాపించడం ఆ ఇంట్లో ఎవరూ కలలో కూడా కని ఉండరు. అలాగని అత్త చేత చెప్పిద్దామంటే ఆమెకు ఆ పద్ధతులు తెలియవు. చివరికి నర్సమ్మే దిక్కయింది. పశువుల కొట్టంలో గాడి పక్కన ఆయన గోనెపట్టా మీద కూర్చునేవాడు. అత్త వత్తులు చేసుకుంటూ కాపలా కూర్చునేది. నేను ఆయనవైపు చూడకుండా, బర్రెవైపు చూస్తూ చెప్పేదాన్ని.

"వేళ్ళు ముడవమనింది నర్సమ్మ."

ఆయన ముడిచేవాడు.

"ఇంగా గట్టిగా ముడవమనింది."

ఆజ్ఞ నర్సమ్మది కాబట్టి ఆయన మగతనానికీ లోటు లేదు, నా మర్యాదకూ లోటు లేదు. కర్నూల్లో ఉన్న ఆ పిల్లకు తెలియదు గానీ, మా కొట్టంలో ఆమె రాజ్యం నడిచింది.

కొన్నాళ్ళకు నేను ఆమె చెప్పనివి కూడా చెప్పించసాగాను. ముందురోజు ఆయన అన్నంలో ఉప్పు తక్కువైందని పళ్ళెం విసిరేస్తే, మర్నాడు నర్సమ్మ చింతగింజలు రెండు దోసిళ్ళు పొయ్యమనేది. మా పుట్టింటివాళ్ళను తిడితే, నర్సమ్మ మునివేళ్ళ మీద లేచినవాణ్ణి అట్లాగే నిలబడమనేది. ఆయన పిక్క వణికేది, నుదుటి మీద చెమట పట్టేది, పళ్ళు కొరుక్కునేవాడు. నాకు సంతోషంగా ఉండేది. పగలంతా నన్ను పురుగులా చూసే మనిషి ఆ కాసేపు నా నోటివైపు చూస్తూ కూర్చునేవాడు. ఒకసారి పట్టరాని కోపంతో గింజల గిన్నె ఎత్తి నా మొహాన కొట్టాడు. నేను గింజలన్నీ ఏరి మళ్ళీ ఆయన ముందు పోశాను.

"మొదట్నుంచీ చెయ్యమనింది" అన్నాను బర్రెతో.

నా కోపం వల్లనో నర్సమ్మ పుణ్యం వల్లనో, కాలు మాత్రం బాగుపడింది. గోడ పట్టుకుని నడిచాడు. తరువాత నేను చెక్కించి ఇచ్చిన కర్ర పట్టుకుని నడిచాడు. తరువాత కర్ర మూలన పెట్టి నడిచాడు. బీరకాయలాంటి పిక్కకు కాస్త కండ పట్టింది. దండీలు మళ్ళీ మొదలుపెట్టాడు. బస్కీలు తీసేటప్పుడు మొదట్లో ఒకవైపు ఒరిగేవాడు, అదీ పోయింది. అత్త నన్ను తిట్టడం తగ్గించలేదు గానీ, తన అన్న కూతురి పేరు ఎత్తడం తగ్గించింది. నాకు అదే గొప్ప.

దాయాది రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. మా ఆయనకంటే చిన్నవాడు. పరామర్శకు వచ్చినట్టే వచ్చేవాడు.

"ఏమన్నా, ఈపొద్దు ఎన్ని చింతగింజలు ఎత్తినావు? శానా బరువుగా ఉండాయా?" అనేవాడు. దారిన పోయేవాళ్ళు నవ్వేదాకా ఆగి, "కుంటుకుంటా గుండంలో దిగితే పీరు పడిపోతాదన్నా. ఊరికి అరిష్టం. నా చేతికియ్యి, నేను మెల్లగా నడిచి చూపిస్తా. నీ మాదిరి పరుగెత్తను" అనేవాడు.

ఆ చివరి మాట ఆయనకు ఎక్కడో తగిలేది. ఎందుకో అప్పుడు నాకు తెలియదు.

కళ్ళకు గుడ్డ కట్టే పరీక్ష మాత్రం ఆయన మొదటినుంచీ బాగా నెగ్గేవాడు. ఇసుక పెడితే ఇసుక అనేవాడు, జొన్నలు పెడితే జొన్నలు అనేవాడు. అత్త పొంగిపోయి నాకేసి చూసేది, ఏదో నేనే ఆ నరాన్ని తెంపినట్టు. నాకూ నమ్మకం కుదిరింది. అయితే ఒకరోజు సాయంత్రం అడుగు చూస్తే మడమ దగ్గర తుమ్మముల్లు సగందాకా దిగి ఉంది. దాంతోనే పొలం దాకా పోయి వచ్చాడు. నేను ముల్లు లాగితే చీము వచ్చింది. ఆయన నాకేసి చూడనైనా లేదు, ఎవరితోనో మాట్లాడుతూనే ఉన్నాడు.

మర్నాడు గుడ్డ కట్టి, ఆలోచించాను. ఇసుక ఓటికుండలో ఉంటుంది, తీసేటప్పుడు కుండ గీరుకుంటుంది. జొన్నలు చాటలో ఉంటాయి, గలగలమంటాయి. దూదికి చప్పుడు లేదు. ఆ రోజు అత్త దూడను కట్టెయ్యడానికి లేచిపోయింది. నేను చాట గలగలలాడించి, అక్కడే దించేసి, ఏమీ పెట్టకుండా ఆయన పాదాన్ని వట్టి నేల మీద ఆనించాను.

"పాదం కింద ఏముండాదో చెప్పమనింది నర్సమ్మ."

"జొన్నలు" అన్నాడు ఆయన ధీమాగా.

నేను మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడం ఆయనకు అర్థమైంది. గుడ్డ పీకి కిందికి చూశాడు. పేడతో అలికిన నేల తప్ప అక్కడేమీ లేదు. నా చెయ్యి పట్టుకుని మెలిపెట్టాడు. గాజులు విరిగి మణికట్టులో దిగాయి.

"ఈ మాట మా దాయాది చెవిన పడిందంటే, ఆ పొద్దే నిన్ను బండెక్కిస్తా. ఇంట్లో దీపం పెట్టేకి మా మామ కూతురు ఉండాది."

గాజుముక్క నేనే తీసుకున్నాను. నాకు తెలిసింది, నా మణికట్టు కాబట్టి.

ఇక చెప్పాలా వద్దా? చెబితే ఆయన పీరు ఎత్తడు, నేను ఆ ఇంట్లో ఉండను. చెప్పకపోతే నేను ఉంటాను, ఆ కాలు ఉండదు. ఆ మనిషి మీద నాకు ప్రేమేమీ లేదు. కానీ ఆ కాలు మీద నాకు హక్కు ఏర్పడింది. దానికి వేలు ముడవడం నేర్పింది నేను. దాని పిక్క మీద కండ వచ్చింది నా నోటి మాటకు. దాన్ని తీసుకుపోయి నిప్పుల్లో పెట్టడమంటే నాకు ఒళ్ళు మండింది.

చివరికి అత్తకు చెప్పాను. దాయాది చెవిన పడకూడదు గానీ, కన్నతల్లి చెవిన పడితే మంచిదే కదా అనుకున్నాను. ఆమె బిడ్డ కదా, ఆపుతుంది అనుకున్నాను. నేను చెప్పిందంతా విని ఆమె కాసేపు వత్తి నులిమింది. తరువాత మొహం వెలిగిపోయింది.

"తెలీదా? నిప్పు తగిలినా తెలీదా?"

"తెలీదత్తా. కాలిపోతాది. అయినా తెలీదు."

"ఇంగేం మరి! ప్రతి ఏడూ వాడికి గుండమంటే ఎంత భయమో నీకేం తెలుసు? పండగ ముందర్నాడు నోట్లో ముద్ద దిగదు. పరుగు పరుగున దాటేస్తాడు, అందరూ నవ్వుతారు. ఈ ఏడు భయమే లేదు. పీరే కాలు తీసుకోని, పీరే ఈ వరమిచ్చినాడు. దీన్ని నువ్వు అవిటితనం అంటాండావా? నీ నోట్లో మన్ను పడ!"

ఆ సాయంత్రమే కొడుక్కి చెప్పింది. ఆయన నా మీద లేస్తాడనుకున్నాను. లేవలేదు. తన అరికాలు తిప్పి చూసుకున్నాడు. తరువాత నవ్వాడు. కట్టు విప్పిన నాటి నుంచీ ఆయన నవ్వడం నేను చూడలేదు.

"ఈ తూరి నిలబడతా. గుండం నడిమధ్యలో నిలబడతా. ఊరంతా సూడనీ" అన్నాడు.

పనికిరాకుండా పోయినదాన్ని దేవుడిచ్చిన వరం చేసుకోవడానికి వాళ్ళకు పట్టింది ఒక సాయంత్రం. నర్సమ్మ చెప్పిన ముల్లూ నిప్పూ, నేను లాగిన చీమూ ఎక్కడికి పోయాయో మరి. నేను ముజావరు తాత దగ్గరికి పోయాను. పీర్లకు చక్కెర చదివించే వంకతో పోయి, చెప్పేశాను. ఆయన ముసలివాడు, నెమ్మదస్తుడు. మా ఆయనను పిలిపించి, "పీరు నువ్వే ఎత్తు బేటా. ఈ ఏడు గుండం చుట్టూ తిరుగు, చాలు. ఎవరూ కాదనరు, నేను ఊరికి చెప్తా" అన్నాడట. మా ఆయన అందరి ఎదుటా, దాయాది దగ్గర దుడ్లు తీసుకున్నావా అని అడిగాడట. ముజావరు తాత తలపాగా సర్దుకుని లోపలికి వెళ్ళిపోయాడట.

ఇంటికి వచ్చి మూలనున్న కర్ర తీశాడు. నడక నేర్చుకోవడానికని నేను చెక్కించి ఇచ్చిన కర్ర. వీపు మీద ఎన్ని పడ్డాయో లెక్క తెలియదు. ఒకటి మాత్రం గమనించాను. కొట్టేటప్పుడు రెండు కాళ్ళ మీదా బరువు సమంగా వేసి నిలబడ్డాడు. వ్యాయామం బాగా పట్టింది.

పండగ ఆఖరి రోజు తెల్లవారుతుండగా ఊరంతా చావిడి ముందు ఉంది. గుండంలో మొద్దులు కాలి కాలి నిప్పులయ్యాయి. వాటిని పొడుగు కట్టెలతో చదును చేశారు. దగ్గరికి పోతే మొహం మీద చర్మం బిగుసుకుపోతోంది. డప్పులు మోగుతున్నాయి. మా ఆయన తడిబట్టలతో వచ్చాడు, పెద్ద పీరు ఎత్తాడు. పీరు చెయ్యి వెండిది, పట్టుబట్టలు కట్టి, పూలు చుట్టి, మనిషికంటే ఎత్తుగా ఉంది. ఆయన కుంటలేదు. ఆ నడక చూసి నాకు, వీపు మీద వాతలు ఇంకా మానకముందే, ఒక్క క్షణం గర్వమనిపించింది.

నిప్పుల్లోకి దిగాడు. మెల్లగా ఒక అడుగు, మెల్లగా ఇంకో అడుగు. మంచి కాలు మాత్రం పైపైన పడి లేస్తోంది. కుట్లు పడిన కాలు నిదానంగా, బరువుగా ఆనుతోంది. నడిమధ్యలో ఆగాడు. ఆగి, మంచి కాలు ఎత్తి మడిచి, ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఏ కాలి మీదో నాకు తెలుసు. గోడ పట్టుకోకుండా ఒంటికాలి మీద నిలబడటం నేను నేర్పిందే.

డప్పులవాళ్ళు కూడా వాయించడం మరిచిపోయారు. తరువాత ఒక్కసారిగా ఊరు అరిచింది. దాయాది తల వంచుకుని గుంపు వెనక్కి పోయాడు. ఆడవాళ్ళు వచ్చి నా నుదుట కుంకుమ పెట్టారు, నా కాళ్ళకు దండం పెట్టారు. ఏ కాళ్ళను విచారించారో ఆ కాళ్ళకే. మా అత్త ఏడుస్తూ వచ్చి, మలీద ముద్ద తన చేత్తో నా నోట్లో పెట్టింది.

"నా తల్లీ, నీ కాలు బంగారు కాలే! ఇంగ నిన్ను యాడికీ పంపనులే" అంది.

ఆ ముద్ద తియ్యగా ఉంది. నా జీవితంలో ఆ ఇంట్లో నాకు ఎవరైనా ప్రేమగా పెట్టింది అదొక్కటే. మింగాను. ఊరంతా ఆయన మొహం చూస్తుంటే, నర్సమ్మ చెప్పిన మాట ప్రకారం నేను ఆయన పాదం చూస్తున్నాను. గుండం దాటి వచ్చాక ఆయన నడిచిన మట్టి మీద ఒక అడుగు పొడిగా పడుతోంది. ఇంకో అడుగు తడిగా పడుతోంది.

పీరు ఎత్తి వచ్చినవాడికి ఇంట్లో కాళ్ళు కడగాలి. ఆ నీళ్ళు పశువుల మీదా విత్తనాల మీదా చల్లుతారు. ఆయన నులకమంచం మీద రాజులా కూర్చున్నాడు. నేను తాంబాళం పెట్టి, మంచి కాలు కడిగాను. దానికి అక్కడక్కడా పొక్కులు లేచాయి, నీళ్ళు తగిలితే ఉస్సుమన్నాడు. తరువాత రెండో కాలు తీసుకున్నాను. ఆయన చెబుతూనే ఉన్నాడు.

"వాడి మొగం సూసినావా? మా దాయాది మొగం? ఒంటికాలి మీద నిలబడితిని! ఇంగ పుట్టినోడు ఎవుడూ నిలబడలేడు."

నీళ్ళు పోసి చేత్తో రాశాను. అడుగు తోలు, మడమ నుంచి వేళ్ళ దాకా, వదులు జోడు ఊడినట్టు నా చేతిలోకి వచ్చేసింది. ఆయన ఇంకా దాయాది మొహం గురించే చెబుతున్నాడు.

పాదాన్ని తాంబాళం పైకెత్తి గాలిలో పట్టుకున్నాను. కింద ఏమీ లేదు.

"కళ్ళు మూసుకోమనింది నర్సమ్మ. పాదం కింద ఏముండాదో చెప్పమనింది."

ఆయన మంచి హుషారులో ఉన్నాడు. నవ్వి కళ్ళు మూసుకున్నాడు.

"నీళ్ళు" అన్నాడు.

అంతలో అత్త చెంబు పట్టుకుని వచ్చింది, విత్తనాల మీద చల్లడానికి నీళ్ళు ముంచుకుందామని. వంగి తాంబాళంలోకి చూసింది. చెంబు ఆమె చేతిలోంచి జారి పడ్డ చప్పుడుకే ఆయన కళ్ళు తెరిచాడు.

మళ్ళీ కర్నూలు. పుండు కుళ్ళింది, ఎముక దాకా పోయింది, మోకాలి కింద కాలు తీసేశారు. ఆ నర్సమ్మే ఉంది. ఈసారి నవ్వలేదు.

"రోజూ కళ్ళతో చూడమన్నాను గదమ్మా" అంది.

"చూస్తానే ఉంటి" అన్నాను.

ఊళ్ళో నా నోరు మంచిది కాదని తేల్చారు. పీరు మహిమకు అడ్డం మాట్లాడాను కాబట్టి ఇలా జరిగిందన్నారు. పెద్ద పీరు దాయాది చేతికి పోయింది. అత్త అన్న కూతుర్ని కూడా అతనికే ఇచ్చారు. నన్ను మాత్రం ఎవరూ బండి ఎక్కించలేదు. ఒంటికాలి మగవాడికి ఇంకో పిల్లను ఎవరిస్తారు? ఏ స్థానం పోతుందేమోనని అన్ని రోజులు భయపడ్డానో, ఆ స్థానం ఇక చచ్చేదాకా నాదే అయింది. నాకు ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. అసహ్యం వేసింది.

తొడ బలం పోకుండా, మోకాలు ముడుచుకుపోకుండా మళ్ళీ వ్యాయామం చెప్పి పంపారు. అదే కొట్టం, అదే గోనెపట్టా. ఇసుక నింపిన సంచి మొండికాలికి కట్టాను. అత్త వత్తులు లేకుండా వట్టి చేతులతో దూరంగా కూర్చుంది. నేను బర్రెవైపు చూడలేదు. ఆయన మొహంలోకి చూశాను.

"ఎత్తు" అన్నాను.

ఎత్తాడు. అత్త బర్రెవైపు చూసింది.

"ఇంగా పైకి."

పైకెత్తాడు. చెమటలు కారుతున్నాయి. ఒక్కసారిగా కాలు దించేసి, లేని పాదం ఉండవలసిన చోట గోనెపట్టాను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. "మండుతాంది" అన్నాడు. ఎక్కడ అని అడిగాను.

"అరికాలు. అరికాలు మండుతాంది. ఆర్పండే! ఎవురన్నా ఆర్పండే!"

అత్త చెవులు మూసుకుని బయటికి పోయింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు, గుడ్డ కట్టే పని లేకుండా. నేను ఆయన దగ్గరగా కూర్చున్నాను.

"పాదం కింద ఏముండాదో చెప్పు" అన్నాను.

"నిప్పులు" అన్నాడు.

ఆ పరీక్షలో ఆయన నిజం చెప్పింది అదొక్కసారే.